అమెరికాలో రాష్ట్ర శాసనసభ అభ్యర్థి ఆరోగ్య హామీలను పరిశీలించడం ఎలా

ముందు ఆ హామీ రాష్ట్రం చేతిలో ఉన్నదో లేదో తేల్చుకోండి. ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారికి ఉండే ఆరోగ్య బీమా మెడికేర్ ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ పథకం. దాన్ని కాపాడతానని రాష్ట్ర అభ్యర్థి అంటే అది చప్పట్ల కోసమే.

తక్కువ ఆదాయం ఉన్నవారికి ఫెడరల్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్ సంగతి వేరు. 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో దాని విస్తరణ రాష్ట్రాల ఇష్టానికి వచ్చింది. విస్తరించిన చోట ఫెడరల్ పేదరిక రేఖకు 138 శాతం వరకు ఆదాయం ఉన్న, 65 ఏళ్లలోపు పెద్దలకు అర్హత ఉంటుంది. ఆ ఖర్చులో 90 శాతం ఫెడరల్ ప్రభుత్వం భరిస్తుంది. "మీరు అనుకూలమా?" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. మిగతా 10 శాతం ఏ పద్దు నుంచి తెస్తారో అడగండి.

ఇన్సులిన్ ధరకు పరిమితి పెడతానంటే అది ఎవరికి వర్తిస్తుందో అడగండి. కంపెనీ తన డబ్బుతోనే నడిపే ఉద్యోగుల బీమా 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ చట్టం కిందికి వస్తుంది. రాష్ట్ర బీమా చట్టాలు దాన్ని అంటుకోలేవు. చాలామంది అభ్యర్థులు ఈ మాట దాటేస్తారు.

ఇప్పటికే సభ్యుడైతే శాసనసభ వెబ్‌సైట్‌లో బిల్లు నంబరు కొట్టి ఓట్ల నమోదు తీయండి. తుది ఓటు ఒక్కటే చూస్తే మోసపోతారు, ఎందుకంటే ఎక్కువ బిల్లులు కమిటీలోనే ఆగిపోతాయి. సహ ప్రతిపాదకుడిగా సంతకం పెట్టి ఊరుకునేవాళ్లూ ఉంటారు. కమిటీ ఓటు, సవరణలపై ఓటు కూడా చూడండి.

బడులు, రోడ్లు, పన్నుల హామీలకూ ఇదే పద్ధతి. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ బడ్జెట్ సమతూకంగా ఉండాలి కాబట్టి, పన్ను తగ్గింపు, కొత్త ఖర్చు రెండూ చెప్పేవారిని దేనిలో కోత పెడతారో అడగండి.