టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ అలారాలు చదవడం – 4వ పాఠం: చప్పుడు చేయకుండా పోయే స్టాండ్‌బై

గత పాఠంలో క్రిటికల్, మేజర్, మైనర్ అలారాల తేడా చూశాం. ఈసారి అసలు అలారమే రాని ఫాల్టు సంగతి. ఒకటి (ఆక్టివ్) పని చేస్తుంటే రెండోది (స్టాండ్‌బై) సిద్ధంగా ఉండే జంట పరికరాల్లో నిజమైన ప్రమాదం ఇదే. స్టాండ్‌బై కార్డు పోతే అమీర్‌పేటలో గానీ అల్వాల్‌లో గానీ ఒక్క కాల్ కూడా తెగదు, ఎవరూ ఫిర్యాదు చేయరు. ఆక్టివ్ కార్డు కూడా పోయిన రోజున అంతా ఒకేసారి తెలుస్తుంది.

ముందు తీగల నుంచి మొదలుపెడదాం. రెక్టిఫయర్ (మెయిన్స్ కరెంటును డీసీగా మార్చేది), జనరేటర్, ఏసీ లాంటివి రిలే కాంటాక్టు (తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్) ద్వారా మానిటరింగ్ బాక్సుకు అలారం పంపుతాయి. ఆ కాంటాక్టు మామూలు వేళ మూసుకుని ఉండాలి, ఫాల్టు వస్తే తెరుచుకోవాలి. అలా ఉంటే ఎలుక తీగ కొరికినా, స్క్రూ వదులైనా అలారం వస్తుంది. తిరగేసి కలిపితే తీగ తెగినా ప్యానెల్ మీద పచ్చదీపమే వెలుగుతుంటుంది. పరీక్ష సులువు. బాక్సు వైపు తీగల జత విప్పి మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టండి. ఫాల్టు లేనప్పుడు బీప్ రావాలి, ఒక రెక్టిఫయర్ మాడ్యూల్ బ్రేకర్ దించగానే ఆగాలి. తర్వాత తీగలు బిగించి, స్క్రీన్ మీద అదే ర్యాక్ పేరు వచ్చిందో లేదో చూడండి. అలారం వచ్చి కూడా పక్క ర్యాక్ పేరు చూపిస్తే అర్ధరాత్రి వెళ్లినవాడు బాగున్న మాడ్యూల్‌ను పీకుతాడు.

బ్రేకర్ దించేముందు లెక్క వేసుకోండి. లోడు 120 ఆంపియర్లు, బ్యాటరీ 600 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) అనుకుందాం. చార్జింగ్‌కు పదోవంతు, అంటే 60. మొత్తం 180. 50 ఆంపియర్ల మాడ్యూళ్లు 4 సరిపోతాయి, అదనంగా 1 కలిపి 5. ఒకటి పోతే ఇబ్బంది లేదు. రెండు పోతే లోడు నడుస్తుంది, కానీ కరెంటు పోయి వచ్చాక బ్యాటరీ నిండడానికి చాలాసేపు పడుతుంది. మూడు పోతే మిగిలేది 100 ఆంపియర్లే, కరెంటు ఉండగానే బ్యాటరీ కరుగుతుంది. 24 సెల్స్ బ్యాటరీ బ్యాంకు ఫ్లోట్‌లో (నిండిన బ్యాటరీని అలాగే నిలిపే చార్జింగ్‌లో) సుమారు 54 వోల్టులు చూపాలి. కరెంటు ఉండి కూడా 50 కిందికి జారితే బ్యాటరీ లోడు మోస్తోందని అర్థం.

ఎస్ఎన్ఎంపీ ట్రాప్ (పరికరం తనంతట తానే మానిటరింగ్ సర్వర్‌కు పంపే అలారం సందేశం) ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అది, అందిందా లేదా అని చూడని యూడీపీ పద్ధతి మీద వెళ్తుంది, దారిలో పోతే పోయినట్టే, మళ్లీ రాదు. అందుకే ప్రతి 5 నిమిషాలకు సర్వరే వెళ్లి స్థితి అడగాలి. జవాబు రాకపోవడాన్ని కూడా అలారంగా పెట్టండి. "స్టాండ్‌బై లేదు" అనే సందేశాన్ని కొన్ని పరికరాలు మైనర్‌గా పంపుతాయి. దాన్ని మేజర్‌కు పెంచాలి, ఇందులో బేరం లేదు.

ఇక ప్రాసెసర్ జంట. స్టాండ్‌బై "హాట్"గా (వెంటనే పని అందుకునే స్థితిలో) కనిపిస్తే చాలదు, డేటా సింక్ (రెండువైపులా డేటా ఒకటి కావడం) పూర్తయిందా, సాఫ్ట్‌వేర్ వెర్షన్ రెండువైపులా ఒకటేనా చూడండి. బ్యాకప్ తీసి, రాత్రి 2 తర్వాత కమాండుతో ఆక్టివ్, స్టాండ్‌బైల మార్పిడి చేయండి. కార్డు పీకి చేయకూడదు. ముందే కలిపి ఉంచిన ఒక టెస్ట్ కాల్ తెగకుండా నిలవాలి, కొత్తగా లోకల్, ఎస్టీడీ కాల్స్ కలవాలి. బాగానే ఉంది కదా అని వెంటనే పాత వైపుకు మార్చకండి. పగటి రద్దీలో ఒకరోజైనా నడిస్తేనే కొత్త వైపు లోపాలు బయటపడతాయి.

ఎక్స్ఛేంజ్‌లను రెండు దారుల్లో కలిపే ఫైబర్ రింగు, ఒక దారి తెగితే 50 మిల్లీసెకన్లలో దారి మార్చుకుంటుంది, మాట్లాడేవారికి తెలియదు. కానీ రెండు దారులూ ఒకే కల్వర్టు కింద ఒకే డక్టులో (కేబుల్ గొట్టంలో) పోతే, వానాకాలం ముందు నగరంలో రోడ్లు తవ్వే జేసీబీ ఒక్క దెబ్బకు రెండిటినీ తెంపుతుంది. ఏ స్క్రీనూ దీన్ని ముందుగా చూపదు, రూటు మ్యాపు పట్టుకుని నడవాల్సిందే.

వచ్చే పాఠంలోగా మీ గదిలోని రిలే తీగలన్నిటినీ మీటర్‌తో చూసి, ఏది మూసుకుని ఉంది, ఏది తెరిచి ఉందో పట్టిక రాయండి. 5వ పాఠం ఆ పట్టికతోనే మొదలవుతుంది.