చలికాలంలో బిస్కే తీరం బంకర్లు చూడబోతున్నారా? ముందు ఇది చదవండి

అక్టోబరు సెలవులు దగ్గర పడితే చాలు, ఫ్రాన్స్‌లో బోర్డో, టులూజ్ వైపు చదువుకునే మనవాళ్ళ గ్రూపుల్లో ఒకటే ప్లాన్: ఆర్కషాన్ దగ్గరున్న పిలా ఇసుక దిబ్బ ఎక్కడం, దిగి ఒడ్డున పడున్న జర్మన్ బంకర్ల మీద నిలబడి ఫోటోలు దిగడం. వెళ్ళొద్దని నేను చెప్పను. ఇంకొన్నేళ్ళు పోతే వాటిలో చాలా వాటిని నీళ్ళలోకి దూకితే తప్ప చూడలేం, కాబట్టి ఇప్పుడే వెళ్ళాలి. కానీ రెండు మీటర్ల మందం గోడ కదా, ఇది ఎక్కడికి పోతుందిలే అనుకుంటారు చూడండి, అక్కడే వస్తుంది చిక్కు. గోడ గట్టిదే. దాని కిందున్న ఇసుక ప్రతి చలికాలం కొంచెం కొంచెంగా పోతోంది.

ముందు అవి అక్కడ ఎందుకున్నాయో చెప్తాను, జాగ్రత్తలు ఎందుకో దాంతోనే అర్థమవుతుంది. 1942 మార్చి 23న హిట్లర్ 40వ నంబరు ఆదేశం ఇచ్చాడు: నార్వే ఉత్తరం కొస నుంచి ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దు దాకా తీరమంతా కోట కట్టాలని. అట్లాంటిక్ గోడ అన్న పేరు ఉంది గానీ, నిజానికి అది గోడ కాదు, విడివిడి బంకర్ల వరస. పని తోట్ సంస్థది, అంటే నాజీ జర్మనీ నిర్మాణ సంస్థది. బంకర్లకు నంబర్లు వేసిన డ్రాయింగులుండేవి, ఏ ఊళ్ళో కట్టినా అదే కొలత, అదే మందం. పనిచేసిన వాళ్ళలో బలవంతంగా తెచ్చిన కూలీలు, స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడి, పారిపోయి వచ్చి ఇక్కడ చిక్కుకున్న రిపబ్లికన్లు ఉన్నారు. డబ్బు కోసం కాంట్రాక్టు తీసుకున్న ఫ్రెంచి కంపెనీలూ ఉన్నాయి, ఆ సంగతి ఈ ఊళ్ళలో ఇప్పటికీ అంత గట్టిగా మాట్లాడుకోరు. కొన్ని బంకర్ల గోడలకు దగ్గరగా వెళ్ళి చూస్తే సెంట్రింగ్ చెక్కల గీతలు, చెక్కలోని కణుపులతో సహా, కాంక్రీటు మీద అచ్చు పడినట్టు కనిపిస్తాయి. ఫోటో తీయాలనుకుంటే అవి తీయండి, రంగురంగుల గ్రాఫిటీ అందరి దగ్గరా ఉంది.

మనకు సంబంధించిన ముక్క కూడా ఒకటుంది. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన భారతీయ సైనికుల్లోంచి నేతాజీ జర్మనీలో తయారు చేసిన ఇండియన్ లీజియన్‌ను 1943లో మొదట హాలెండ్ తీరానికి, తర్వాత బోర్డో పక్కనే ఉన్న లకానోకు కాపలాకు పంపారు. అప్పటికే నేతాజీ జలాంతర్గామిలో ఆసియాకు వెళ్ళిపోయారు. స్వరాజ్యం కోసమని చేరినవాళ్ళు బిస్కే ఒడ్డున ఇసుక దిబ్బల మీద తుపాకులు పట్టుకుని నిలబడ్డారు, 1944లో జర్మన్ సేనాధిపతి రోమెల్ వచ్చి వాళ్ళను తనిఖీ కూడా చేశాడు. ఆగస్టులో లకానో వదిలి వెనక్కి బయల్దేరారు. లకానో వెళ్తే సర్ఫింగ్ బోర్డులతో పాటు ఇది కూడా గుర్తు చేసుకోండి.

ఇక ఇవి పోతున్న తీరు. జర్మన్లు వీటిని నీళ్ళ అంచున కట్టలేదు, ఇసుక దిబ్బల మీద, దిబ్బల వెనక కట్టారు. బంకర్లు ఉన్నచోటే ఉన్నాయి, ఒడ్డే వెనక్కి జరిగిపోయింది. జిరోండ్ జిల్లా ఇసుక తీరం సగటున ఏడాదికి 2.5 మీటర్లు, కింద లాండ్ జిల్లాలో 1.7 మీటర్లు కోతకు గురవుతోందని లెక్క. అది సగటు మాత్రమే. 2013-14 చలికాలంలో వరసగా వచ్చిన తుఫానులకు కొన్ని చోట్ల ఒక్క సీజన్లోనే 20 మీటర్లకు పైగా పోయింది. జిరోండ్ తీరంలోనే ఉన్న సూలాక్ అనే ఊళ్ళో 1960ల్లో సముద్రానికి 200 మీటర్ల దూరంలో కట్టిన సిన్యాల్ అనే అపార్ట్‌మెంటును 2014 జనవరిలో ఖాళీ చేయించారు, 2023లో కూల్చేశారు. అపార్ట్‌మెంటుకే దిక్కు లేకపోతే పునాది ఇసుకలో ఉన్న బంకరు సంగతి చెప్పేదేముంది. ఒక పక్క ఇసుక పోగానే ఒరుగుతుంది, తర్వాత జారుతుంది, చివరికి తలకిందులైనట్టు నీళ్ళలో పడుంటుంది. కాప్ ఫెరె కొసన, పిలా దిబ్బ కింద, కాప్‌బ్రెటాన్ ఒడ్డున ఈ దశలన్నీ కనిపిస్తాయి.

వెళ్ళే రోజు ఎంచుకోవడం దగ్గరే సగం జాగ్రత్త ఉంది. ఆటుపోట్ల పట్టిక చూడకుండా బయల్దేరకండి. ఫ్రాన్స్‌లో పోటు బలానికి 20 నుంచి 120 దాకా ఒక అంకె ఇస్తారు, 90 దాటిందంటే నీళ్ళు మీరనుకున్న దానికన్నా చాలా పైకి వస్తాయి, త్వరగా కూడా వస్తాయి. నీళ్ళు బాగా వెనక్కి వెళ్ళే సమయానికి రెండు గంటల ముందు చేరుకుని, మళ్ళీ ఎక్కడం మొదలయ్యేసరికి మెట్ల దగ్గరకు వచ్చేయండి. ఒడ్డుకు దిగే మెట్లు ఒకదానికీ ఇంకోదానికీ చాలా దూరం ఉంటాయి, మధ్యలో ఇసుక గట్టు ఎక్కి పోదాంలే అంటే కుదరదు. ఫ్రాన్స్ వాతావరణ శాఖ మెతెయో ఫ్రాన్స్ సైటులో అలల హెచ్చరిక ఆరెంజ్ ఉంటే ప్లాన్ రద్దు, ఎల్లో ఉంటే పైనుంచి చూసి రండి. తుఫాను అయిన మర్నాడు చాలామంది కొత్తగా బయటపడిన బంకరు దొరుకుతుందని ఎగబడతారు. అది అన్నిటికన్నా చెడ్డ రోజు. గట్టు నిలువుగా కోసినట్టు ఉంటుంది, దాని నీడన గాలి తగలకుండా కూర్చుందామనిపిస్తుంది, ఎండ తగిలి ఇసుక ఆరేకొద్దీ ఒక్కసారిగా కూలుతుంది. అక్టోబరు దాటాక ఒడ్డున లైఫ్‌గార్డులు ఎవరూ ఉండరు, అక్టోబరు చివర్లో గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఆరింటికల్లా చీకటి పడిపోతుంది.

బంకరు దగ్గరికి వెళ్ళాక కాళ్ళ వైపు చూడండి. గోడకు తగిలి అల తిరిగి వచ్చినప్పుడల్లా పక్కనున్న ఇసుకను తవ్వేస్తుంది, అందుకే బంకరు చుట్టూ కందకంలా నీళ్ళు నిలుస్తాయి. పైకి మోకాలి లోతులా కనిపించినా, ఒక మూల నిలువు లోతు ఉండొచ్చు. ఆ నీళ్ళలో తుప్పు పట్టిన ఇనుప చువ్వలు పైకి పొడుచుకుని ఉంటాయి, కొన్ని వేలు మందాన ఉంటాయి, ఈత కొట్టేవాళ్ళకు, సర్ఫింగ్ చేసేవాళ్ళకు అసలు కనబడవు. డెన్మార్క్ పశ్చిమ తీరంలో ఈ చువ్వల వల్లే ప్రభుత్వం చాలా బంకర్లను పగలగొట్టించి తీసేయించింది. గట్టి బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే వెళ్ళేముందు డాక్టర్నో ఫార్మసీలోనో అడగండి. పైకప్పు ఎక్కొద్దు. నాచు పట్టిన కాంక్రీటు ఒరిగి ఉంటే అది సబ్బు రాసిన జారుడుబల్లే, పడితే పడేది చువ్వల మీద. ఈ తీరంలో నీళ్ళలోకి దిగితే ఇంకో టెన్షన్, ఇసుక తిన్నెల మధ్య మడుగులా కనిపించే బైన్‌లు. పిల్లలు ఆడుకోవడానికి బాగున్నాయనిపిస్తాయి, పోటు మారేటప్పుడు అందులోని నీళ్ళన్నీ ఒకే దారిన సముద్రంలోకి లాగేస్తాయి.

లోపలికి వెళ్ళాలా అని అడుగుతారు. ఒడ్డున పడున్న వాటిలోకి వద్దు, సూటిగా చెప్తున్నాను. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బిన చువ్వ మీదున్న కాంక్రీటును నెట్టేస్తుంది, మన పాత ఇళ్ళ స్లాబు పెచ్చులూడినట్టే ఇక్కడా ఊడుతుంది, కాకపోతే ఆ పెచ్చు మీ తలకన్నా పెద్దది ఉంటుంది. నేలలో కేబుళ్ళ గుంతలుంటాయి, వాటి ఇనుప మూతలను ఎవరో పాత ఇనుము కింద అమ్ముకుని ఏళ్ళయింది, ఇప్పుడు పైన నీళ్ళో ఇసుకో ఉండి తెలియదు. అంత మందం గోడల మధ్య ఫోను సిగ్నలు దొరకదు. ఇంకా ఒకటి, సగం ఇసుకలో పూడిన ద్వారం కనిపిస్తే తవ్వి దూరాలనిపిస్తుంది. తవ్విన ఇసుక మీద పడితే పక్కనున్న నలుగురు కలిసినా సమయానికి తీయలేరు. 2008లో డెన్మార్క్‌లోని హౌవిగ్ దగ్గర తుఫాను ఇసుకను లాగేసి, సైనికుల సామాను లోపల అలాగే ఉన్న బంకర్లను బయటపెట్టింది, ఆ కథ చదివినవాళ్ళందరికీ తమకూ అలాంటిది దొరుకుతుందని ఆశ. దొరికినా అది మీది కాదు. ఫ్రాన్స్‌లో మెటల్ డిటెక్టరుతో పాతవాటి కోసం వెతకాలంటే ప్రభుత్వ అధికారి అనుమతి కావాలి.

గుండ్రంగా, తుప్పు పట్టి, పైపు ముక్కలా ఉన్నది ఏదైనా కనిపిస్తే కాలితో తన్నకండి, ఫోటో కోసం కదపకండి. దూరం జరిగి, చోటు గుర్తు పెట్టుకుని ఎమర్జెన్సీ నంబరు 112కి ఫోన్ చేయండి. ఎనభై ఏళ్ళు గడిచినా పేలుడు మందు చావదు. డెన్మార్క్‌లో స్కాలింగెన్ అనే చోట మిగిలిన మందుపాతరలను తీయడం 2012కి గానీ పూర్తి కాలేదు. జర్మనీలో బాల్టిక్ వైపు ఊజెడోమ్ దీవికి వెళ్ళేవాళ్ళకు ఇంకో ముచ్చట: 1943లో అక్కడి జర్మన్ రాకెట్ కేంద్రం పేనెమ్యుండే మీద పడిన బాంబుల్లోని ఫాస్ఫరస్ ముక్కలు ఇప్పటికీ ఒడ్డుకు కొట్టుకొస్తాయి, చూడ్డానికి అచ్చం అంబర్ రాయిలా పసుపు, గోధుమ రంగులో ఉంటాయి. ఏరుకుని జేబులో వేసుకున్నాక తడి ఆరి, ఒంటి వేడికి నిప్పంటుకుని మండుతుంది. ఏరుకోవాలనే సరదా ఉంటే రేకు డబ్బా తీసుకెళ్ళండి, ఒంటికి దూరంగా పెట్టండి.

పిల్లలతోనో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతోనో వెళ్తుంటే ఒడ్డున ఉన్నవి వదిలేసి, సూలాక్‌లోని లెజారో బ్యాటరీ, అంటే ఫిరంగుల స్థావరం, చూడండి. స్థానిక సంఘం వాళ్ళు గైడుతో తిప్పుతారు. చలికాలంలో రోజూ ఉండదు, టూరిజం ఆఫీసుకు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఉత్తరాన కలే వైపు ఉంటే ఒడంగెన్‌లో తోట్ బ్యాటరీ ఉంది, 38 సెంటీమీటర్ల ఫిరంగి పెట్టిన గది ఇప్పుడు మ్యూజియం. సముద్రంలో ఎవరైనా చిక్కుకున్నట్టు కనిపిస్తే ఫ్రాన్స్ తీరంలో నంబరు 196, ఇంటి నుంచి బయల్దేరే ముందే ఫోన్లో సేవ్ చేసుకోండి.