నింద మీ మీదకు తిరిగినప్పుడు

చేయి చేసుకున్న భర్తను అదేమిటని అడిగిన వెంటనే, ‘నేనెప్పుడు కొట్టాను? నువ్వు నోరు పారేసుకున్నావు కాబట్టే ఇదంతా, అసలు నలుగురిలో పరువు పోయింది నాది’ అని ఆయన అంటే, ఆ మాటలను విడివిడిగా వినండి: మొదటిది కాదనడం, రెండవది ఎదురు నింద, మూడవది తానే బాధితుడినని చెప్పుకోవడం. ఈ వరుసకు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెన్నిఫర్ ఫ్రెయిడ్ 1997లో ‘డార్వో’ అని పేరు పెట్టారు; విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇరుగుపొరుగున నేను విన్నదీ ఇదే.

అప్పుడు మీ మంచితనాన్ని నిరూపించుకోవడానికి వాదనకు దిగకండి, ఎందుకంటే మీరు సంజాయిషీ మొదలుపెట్టగానే దెబ్బ సంగతి పక్కకు పోతుంది. ‘నా మాటతీరు గురించి తర్వాత మాట్లాడదాం, ఇప్పుడు నేను అడుగుతున్నది మీరు కొట్టడం గురించి’ అని ఒక్కసారి చెప్పి ఆగండి. అది కూడా ప్రమాదమనిపిస్తే ఏమీ అనకుండా అక్కడి నుంచి బయటపడండి. దాన్ని పిరికితనమని ఎవరన్నా నమ్మవద్దు. ఆ రోజే తేదీ, సమయం, అన్న మాటలు అన్నట్టుగానే రాసి, ఆయన చేతికి అందకుండా పుట్టింట్లోనో, నమ్మకమైన స్నేహితురాలి దగ్గరో ఉంచండి. మాటలతో, మానసికంగా హింసించడం కూడా 2005 నాటి గృహ హింస చట్టం కిందకు వస్తుంది. సహాయానికి 181కి, ప్రాణభయం ఉంటే 112కి ఫోన్ చేయవచ్చు.