ఇంపాక్ట్ డ్రైవర్‌కు త్వరగా అరిగిపోని బిట్లు ఎంచుకోవడం ఎలా?

కర్నూలులో ఫాల్స్ సీలింగ్ వేసేవాళ్ళను, కడపలో మాడ్యులర్ కిచెన్లు బిగించే కార్పెంటర్లను, అనంతపురం చుట్టుపక్కల రేకుల షెడ్లు కట్టే ఫ్యాబ్రికేటర్లను, ఎవరిని కదిపినా బిట్ల మీద, అంటే మిషన్‌కు తొడిగి స్క్రూ తిప్పే ఆ ఉక్కు ముక్కల మీద, ఒకటే మొర. పొద్దున కొత్తది తొడిగితే మధ్యాహ్నానికి కొన గుండ్రంగా అరిగిపోతుంది. లేదంటే స్క్రూ సగం దిగాక కొన విరిగి గాడిలోనే ఇరుక్కుంటుంది. బిట్టు ఖరీదు పెద్దదేం కాదు. కానీ అరిగిన బిట్టు జారి లామినేట్ మీద గీత పడితే ఇంటాయన ఆ తలుపే మార్చమంటాడు.

షాపుకెళ్ళి "స్ట్రాంగ్ బిట్టు ఇవ్వన్నా" అని అడిగితే పని జరగదు. బిట్టు ఎన్నాళ్ళు వస్తుందన్నది ముందుగా అది స్క్రూ తలలో ఎంత బాగా కూర్చుంటుందన్న దాని మీద ఉంటుంది. స్టీలు సంగతి ఆ తర్వాతే. కింది వరస కూడా అదే.

మొదలుపెట్టే ముందు మిషన్ ఏదో తేల్చుకోండి. మన షాపుల్లో ఇంపాక్ట్ డ్రిల్ అంటే గోడకు రంధ్రం వేసే హ్యామర్ డ్రిల్. దాని దెబ్బ ముందుకు పడుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ వేరు. దీనికి బిట్టును బిగించి పట్టే మూడు దవడల చక్ ఉండదు, పావు అంగుళం షట్కోణపు రంధ్రం, బయటికి లాగే కాలర్ ఉంటాయి. స్క్రూ బిగుసుకోగానే లోపలి సుత్తి తిరిగే దిశలోనే దెబ్బలు వేస్తుంది. నిమిషానికి మూడు వేలకు పైగా పడతాయి. మామూలు 18 వోల్టుల డ్రైవర్ గరిష్ఠంగా 150 నుంచి 180 న్యూటన్ మీటర్ల దాకా టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది. కబ్బోర్డుకు వేసే 8 నంబరు స్క్రూకు అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. డ్రిల్ డ్రైవర్‌లో ఉన్నట్టు టకటకమని ఆగిపోయే క్లచ్ కూడా చాలా ఇంపాక్ట్ డ్రైవర్లలో ఉండదు. మిగిలిన బలమంతా బిట్టు మీదే పడుతుంది.

1. పాడైన బిట్లను ముందు పరీక్షించండి

డబ్బాలో పడేసిన పాత బిట్లన్నీ తీసి వెలుతురులో పెట్టి కొనలు చూడండి. కొన రెక్కలు గుండ్రంగా అరిగిపోతే బిట్టు జారుతోందన్నమాట. నంబరు తప్పై ఉండాలి, లేదా చేతి ఒత్తిడి చాలక బిట్టు పైకి లేస్తూ ఉండాలి, లేదా స్టీలు మరీ మెత్తనిదై ఉండాలి. కొన గాజులా తెగి విరిగితే స్టీలు మరీ గట్టిగా, పెళుసుగా ఉన్నట్టు. పెద్ద స్క్రూకు చిన్న బిట్టు పెట్టినా ఇలాగే విరుగుతుంది. మెడ దగ్గర మెలితిరిగిపోతే బరువు పని చేయించారని అర్థం.

మూడింటికీ మందు ఒకటి కాదు. జారి అరిగే చోట ఎంత ఖరీదైన బిట్టు కొన్నా కొన్నాళ్ళకు అదే గతి పడుతుంది. ఈ పరీక్ష చేయకుండా బ్రాండ్ మార్చడం దండగ.

2. స్క్రూ తలకు సరిపోయే బిట్టు తేల్చుకోండి

ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

మన దగ్గర దొరికే స్క్రూలు చాలావరకు ప్లస్ గాడివే, అంటే ఫిలిప్స్. వీటి బిట్ల మీద పీహెచ్ అని ఉంటుంది. ఫిలిప్స్ గాడి గోడలు లోపలికి వాలుగా ఉంటాయి, అందుకే బలం పెరిగేకొద్దీ బిట్టు పైకి తన్నుకొస్తుంది. ఇంపాక్ట్ దెబ్బల మధ్య ఆ జారుడు కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

నంబర్లు గుర్తు పెట్టుకోండి. 5 నుంచి 9 నంబరు స్క్రూల దాకా, అంటే సుమారు 3 నుంచి 4.5 మిల్లీమీటర్ల మందం వాటికి, పీహెచ్ 2. చాలా 10 నంబరు స్క్రూలు కూడా ఇందులోకే వస్తాయి. 12, 14 నంబరు స్క్రూలకు పీహెచ్ 3. అంతకంటే సన్న స్క్రూలకు పీహెచ్ 1. డబ్బాలో పీహెచ్ 2 బిట్లు మాత్రమే ఉంచుకుని తలుపు ద్వారబంధానికి 12 నంబరు స్క్రూలు కూడా వాటితోనే దించేవాళ్ళు చాలామంది. కొనలు విరిగేది ఎక్కువగా వాళ్ళకే. రెండు పీహెచ్ 3 బిట్లు జేబులో ఉంచుకుంటే ఆ బాధ తప్పుతుంది.

ఇంకోటి పోజిడ్రైవ్, బిట్టు మీద పీజెడ్ అని ఉంటుంది. స్క్రూ తల మీద ప్లస్ గీతల మధ్య సన్నగా ఇంకో నాలుగు గీతలు ఏటవాలుగా కనిపిస్తే అది పోజి. మాడ్యులర్ కిచెన్లకు వాడే యూరప్ కంపెనీల కీలు సర్దుబాటు స్క్రూలు, కొన్ని చిప్‌బోర్డు స్క్రూలు ఇలా ఉంటాయి. పీహెచ్ 2 దాంట్లో దూరుతుంది, తిరుగుతుంది కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ గోడలు పూర్తిగా తగలవు కాబట్టి బిట్టు, స్క్రూ రెండూ అరుగుతాయి. పీజెడ్ బిట్టును ఫిలిప్స్ స్క్రూకు పెట్టినా అంతే, అది అడుగు దాకా దిగదు.

ఆరు కోణాల నక్షత్రం గాడి ఉన్నది టార్క్స్. 1967లో వచ్చిన ఈ గాడికి గోడలు నిటారుగా ఉంటాయి, కాబట్టి జారడం దాదాపు ఉండదు. స్క్రూలు మీరే కొనే పని అయితే, టార్క్స్ తల ఉన్నవి దొరికితే, నా ఓటు వాటికే. బిట్టు ఆయుష్షు పెంచడానికి అంతకు మించిన దారి లేదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. షాపులో కొందరు ప్లస్ బిట్టునే స్టార్ బిట్టు అంటారు. టార్క్స్ కావాలంటే టీ 20, టీ 25 అని నంబరుతోనే అడగండి, లేదా స్క్రూ చేతిలో పట్టుకుని వెళ్ళండి.

కుదిరిందో లేదో తెలుసుకునే పరీక్ష సులువు. బిట్టును అడ్డంగా పట్టుకుని కొనకు స్క్రూ తొడిగి వేలితో అటూ ఇటూ కదపండి. ఊగితే కుదరలేదు. అయస్కాంతం లేని బిట్టు మీద కూడా స్క్రూ కింద పడకుండా నిలబడితే మంచి జోడీ దొరికినట్టే. స్క్రూ బ్రాండ్ మారినప్పుడల్లా ఇది మళ్ళీ చేయండి. అదే నంబరు రెండు కంపెనీల స్క్రూల్లో గాడి లోతు తేడాగా ఉంటుంది, పైగా చవక స్క్రూల గాడిలో కోటింగ్ గడ్డకట్టి బిట్టు సగమే దిగుతుంది.

3. స్టీలు, మెడ, పొడవు చూడండి

చేతి స్క్రూడ్రైవర్లకు వాడే క్రోమ్ వెనేడియం స్టీలు ఇంపాక్ట్ దెబ్బలకు ఎక్కువ కాలం ఆగదు. దెబ్బలు ఓర్చుకోవడానికి చేసిన టూల్ స్టీలు ఎస్2. ప్యాకెట్ మీద ఎస్2 అని ఉండటం మంచి గుర్తే కానీ, అదొక్కటే చాలదు. అదే స్టీలును కాల్చి చల్లార్చిన తీరులో తేడా వస్తే ఒకటి మెత్తగా, ఇంకోటి పెళుసుగా తయారవుతుంది. అందుకే ఎస్2 అని రాసినవి కూడా కొన్ని ఒక్క రోజులో పోతాయి.

మెడ చూడండి. ఇంపాక్ట్ కోసం చేసిన బిట్లలో నడుమ దగ్గర కావాలనే సన్నగా లాగిన భాగం ఉంటుంది. దెబ్బ పడినప్పుడు అది కొంచెం మెలితిరిగి మళ్ళీ నిటారవుతుంది, ఆ తాకిడి కొన దాకా వెళ్ళకుండా మధ్యలోనే తగ్గిపోతుంది. సన్నగా ఉంది కదా, విరుగుతుందేమో అని దాన్ని పక్కన పెట్టి లావు మెడ ఉన్నది తీసుకోవద్దు. మకీటా ఇంపాక్ట్ బ్లాక్, ఇంపాక్ట్ గోల్డ్, డెవాల్ట్ ఫ్లెక్స్‌టార్క్, బాష్ ఇంపాక్ట్ కంట్రోల్, వేరా ఇంపాక్టర్ లాంటివి ఈ పని కోసమే తయారైన వరసలు.

పొడవు 50 లేదా 65 మిల్లీమీటర్లు, ఒకే ముక్క. నిత్యం పనికి ఇదే సరి. 25 మిల్లీమీటర్ల చిన్న బిట్టు ఇంపాక్ట్ డ్రైవర్ చక్‌లో నేరుగా లాక్ కాదు, దానికి హోల్డర్ కావాలి. హోల్డర్ కాస్త వదులైతే కొన ఊగి గాడిని తినేస్తుంది. మన షాపుల్లో విరివిగా దొరికే రెండు కొనల 65 మిల్లీమీటర్ల బిట్లు మంచివే, ఒక కొన పోతే తిప్పి పెట్టుకోవచ్చు. కొనే ముందు మీ డ్రైవర్‌లో పెట్టి లాగి చూడండి. బిట్టు వెనక వైపు లాక్ పడే గాడి దాకా ఉండే పొడవు అన్ని బిట్లకూ ఒకేలా ఉండదు, కొన్నింటికి కాలర్ సరిగా పడదు. 150 మిల్లీమీటర్ల పొడవు బిట్టు మూలల్లో అవసరమే కానీ, రోజంతా దాంతో పని చేయకండి.

బంగారు రంగు టైటానియం పూత గురించి ఎక్కువ చెప్పను. అరుగుదల కొంత తగ్గిస్తుంది, కింద స్టీలు బాగుంటేనే. కొనకు సన్న వజ్రపు రేణువులు అంటించిన బిట్లు జారవు, కానీ అన్నీ ఇంపాక్ట్‌కు చేసినవి కావు, ప్యాకెట్ చదవండి.

4. ఒక్కొక్కటి కొని మీ పని మీదే పరీక్షించండి

పది బిట్ల ప్యాకెట్ ఎవరు చెప్పినా మొదటిసారే కొనవద్దు. మూడు రకాలు ఒక్కొక్కటి తీసుకోండి. మన ఊళ్ళో రకాలు దొరక్కపోతే కర్నూలు వాళ్ళకు సికింద్రాబాద్ రాణిగంజ్, అనంతపురం వాళ్ళకు బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డు ఉన్నాయి. ఆ వైపు పని మీద వెళ్ళేవాళ్ళకు చెప్పి తెప్పించుకోవచ్చు. పెద్ద బ్రాండ్ల పేరుతో నకిలీలు తిరుగుతాయి కాబట్టి సగం ధరకు ఇస్తున్నారంటే కొన చూడండి. నాలుగు రెక్కలు ఒకే మందంలో లేకపోయినా, అంచుల్లో పొక్కులున్నా, సైజు అచ్చు గోటికి రాలిపోతున్నా వదిలేయండి.

ఇంటికొచ్చాక కొన అంచు మీద పాత ఆకురాయి ఒకసారి మెల్లగా తోలండి. ఆకురాయి జర్రున జారిపోతే కొన గట్టిగా ఉన్నట్టు. తేలిగ్గా కోసి రజను రాలుతుంటే ఆ రకం మళ్ళీ కొనకండి.

తర్వాత మూడింటికీ మూడు రంగుల నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టి ఒకే పనికి వాడండి. జిప్సం బోర్డు అయితే అదే బోర్డు, అవే స్క్రూలు, వీలైతే అదే చెయ్యి. స్క్రూ డబ్బాల మీద సంఖ్య ఉంటుంది కాబట్టి లెక్క పెట్టే శ్రమ లేదు. ఏ బిట్టు మీద ఎన్ని డబ్బాలు అయ్యాయో అట్ట మీద గీత గీస్తే చాలు. జారడం మొదలైన చోట ఆపండి, విరిగేదాకా ఆగొద్దు. బిట్టు ధరను స్క్రూల సంఖ్యతో భాగిస్తే ఏది చవకో తేలుతుంది. మెత్తటి జిప్సం మీద గెలిచిన బిట్టు టేకు, వేప ద్వారబంధాల మీద ఓడిపోవచ్చు, కాబట్టి పనికో లెక్క వేరుగా ఉంచుకోండి.

5. బిగించే తీరు సరిచేయండి

బిట్టును స్క్రూకు తిన్నగా, ఒకే గీతలో పట్టండి. ట్రిగ్గర్ నొక్కకముందే బరువు వేయండి. నెమ్మదిగా మొదలుపెట్టి, స్క్రూ పట్టుకున్నాక వేగం పెంచి, తల కూర్చునే ముందు మళ్ళీ తగ్గించండి. తల కూర్చున్నాక కూడా దడదడమని కొట్టించే రెండు సెకన్లే బిట్టును ఎక్కువగా తింటాయి. గట్టి చెక్కలో 8 నంబరు స్క్రూకు ముందు 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, స్క్రూ మరకు కాస్త మైనమో సబ్బో పూస్తే బిట్టు మీద భారం బాగా తగ్గినట్టు చేతికే తెలుస్తుంది. కడప బండ గట్టుకు, గోడకు ప్లగ్గులు వేసినప్పుడు రంధ్రంలో దుమ్ము ఊదేయండి, లేకపోతే స్క్రూ మధ్యలోనే ఆగిపోయి బిట్టు జారుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి, విరిగిన కొన ఎటు ఎగురుతుందో చెప్పలేం.

రేకుల పని వాళ్ళకు లెక్క వేరు. రేకులకు వేసే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలకు (తమ రంధ్రం తామే వేసుకునేవి) సాధారణంగా ప్లస్ గాడి ఉండదు, షట్కోణపు తల ఉంటుంది. ఆ తల మీద తొడిగే గిన్నె లాంటి బిట్టే సాకెట్. 12 నంబరుకు సాధారణంగా 8 మిల్లీమీటర్ల సాకెట్, 14 నంబరుకు 10. సాకెట్ అయస్కాంతానికి ఇనుప రజను అంటుకుని పేరుకుంటే స్క్రూ తల లోపలికి పూర్తిగా దిగదు, అంచుల మీదే తిరిగి సాకెట్ నోరు గుండ్రమవుతుంది. వరస వరసకు ఒకసారి టేపు ముక్కతో ఆ రజను లాగేయండి. రబ్బరు వాషర్ కొంచెం ఉబ్బగానే ట్రిగ్గర్ వదలండి. నలిగి బయటికి వచ్చేసిందంటే వానకు అక్కడ కారుతుంది.

6. తీసేయాల్సినప్పుడు తీసేయండి

రెక్కల అంచు మీద మెరుపు పట్టీ కనిపించి, స్క్రూ తొడిగితే ఊగుతుంటే ఆ బిట్టును డబ్బాలోంచి వేరు చేయండి. మంచివాటితో కలిసి ఉంటే ఎవరో ఒకరు మళ్ళీ దాన్నే తొడుగుతారు. అరిగిన కొనను గ్రైండర్ మీద పట్టి కొత్త ప్లస్ చేద్దామనుకోకండి. ఆ కోణాలు చేత్తో రావు, పైగా స్టీలు వేడెక్కి నీలం రంగు తిరిగిందంటే గట్టితనం పోయినట్టే. కావాలంటే నీళ్ళలో ముంచుతూ మెల్లగా కొన సూదిలా చేసి రంధ్రాలు గుర్తు పెట్టుకోవడానికి వాడుకోండి, ఆ పనికి బాగానే ఉంటుంది.