పిల్లల సాక్ష్యం చెడిపోకుండా వాళ్లతో మాట్లాడటం ఎలా?

ఫోరెన్సిక్ సైకాలజీ అనగానే చాలామందికి హంతకుల మనసులోకి తొంగిచూడటమే గుర్తొస్తుంది. ఎమ్మెస్సీలో చేరే విద్యార్థులూ ఆ ఉత్సాహంతోనే వస్తారు. నా పనిలో ఎక్కువ భాగం మాత్రం తనకేదో జరిగిందని చెబుతున్న ఆరేడేళ్ల పాపతో కూర్చుని, ఆ పాప మాటల్ని ఆ పాప మాటలుగానే కోర్టు దాకా చేర్చడం. క్లాసులో నేర్పేదీ, పరిశోధనలో తవ్వేదీ కూడా ఎక్కువగా దీని గురించే. పోక్సో కేసులో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద పెట్టిన కేసులో, పాప నా ఎదుటికి వచ్చేసరికి అమ్మ, పిన్ని, క్లాస్ టీచరు, స్కూలు కౌన్సిలరు తలా ఒకసారి అడిగేసి ఉంటారు. అందరిదీ ప్రేమే. కానీ ఆ ప్రేమతో అడిగిన ప్రశ్నలే తర్వాత కేసును కూల్చేస్తాయి. కాబట్టి పద్ధతి చెబుతాను.

ముందు తల్లిదండ్రులు, టీచర్లు

పాప మీకు ఏదైనా చెబితే మధ్యలో ఆపకుండా వినండి. "చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు" అనండి. ఆ తర్వాత పక్కకు వచ్చి, పాప ఏమన్నదో అవే మాటల్లో, మీరేం అడిగారో దానితో సహా, తేదీ, టైము వేసి రాసుకోండి. ఇంక అడగకండి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సాయం దొరుకుతుంది. వివరాలు రాబట్టడం మాత్రం మీ పని కాదు. ఇక్కడి నుంచి చెప్పేది ఆ పని చేయాల్సినవాళ్ల కోసం.

గది, సామాను

ఒకే ఎత్తున్న రెండు కుర్చీలు, మంచినీళ్లు, రికార్డరు, నోట్‌బుక్కు. ల్యాప్‌టాప్ వద్దు. తెర వెనక ముఖం దాచుకున్న మనిషికి పిల్లలు ఏమీ చెప్పరు. చాక్లెట్లు అసలే వద్దు, ఆశ చూపి చెప్పించారనడానికి డిఫెన్స్ లాయరుకు అదొక్కటి చాలు. పొద్దున టిఫిన్ తిన్నాకే పిలిపించండి. అమ్మ ఉండాలని పాప అడిగితే వెనక కూర్చోబెట్టండి, మాట్లాడకూడదని ముందే చెప్పండి. పాప చేత బొమ్మ గీయించి, ఎర్ర రంగు వాడింది కాబట్టి భయంతో ఉందని రిపోర్టు రాసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అలాంటి రిపోర్టు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఐదు నిమిషాలు కూడా నిలబడదు.

పరిచయం, అలవాటు చేయడం

"తెలీదు" అనొచ్చని, నేను తప్పుగా అంటే దిద్దాలని పాపకు చెప్పండి. చెప్పి వదిలేయకుండా పరీక్షించండి. ఆరేళ్ల పాపతో "నీకు పదేళ్లు అన్నాననుకో, ఏమంటావు?" అని అడిగితే "కాదు, ఆరు" అనాలి. తర్వాత కేసుతో సంబంధం లేని విషయం ఒకటి చెప్పించండి: "నిన్న లేచినప్పటి నుంచి స్కూలుకు వెళ్లేదాకా ఏమేం జరిగిందో అంతా చెప్పు." లేచాను, పళ్లు తోముకున్నాను, ఇడ్లీ తిన్నాను అని ఆగిపోతుంది. "పళ్లు తోముకున్నావు. అప్పటి నుంచి ఇడ్లీ తినేదాకా ఏం జరిగింది?" అనండి. ఈసారి తమ్ముడితో గొడవ, అమ్మ జడ వేయడం, దొరకని సాక్స్ అన్నీ వస్తాయి. అమెరికాలో మైఖేల్ లాంబ్ బృందం పిల్లలను ప్రశ్నించడానికి తయారుచేసిన ఎన్‌ఐసీహెచ్‌డీ ప్రోటోకాల్ అనే పద్ధతిలో ఇదొక దశ. టైము లేదని అందరూ దాటేసేది దీన్నే. పొడుగ్గా చెప్పొచ్చని పాపకు తెలిసేది ఇక్కడే.

అసలు ప్రశ్న

ఇక్కడ నిదానించండి. అడగాల్సింది ఒక్కటే: "ఈరోజు నా దగ్గరికి ఎందుకు వచ్చావో చెప్పు." అడిగాక ఆగండి. పాప నేల చూస్తుంది, గౌను అంచు వేలికి చుట్టుకుంటుంది, విప్పుతుంది. ఆ మౌనం మీకు కష్టంగానే ఉంటుంది. నా స్టూడెంట్లలో చాలామంది సరిగ్గా అక్కడే టెన్షన్ పడి "ఆ అంకుల్ ఏమైనా చేశాడా?" అనేస్తారు. అంతే, పని చెడింది. అప్పటిదాకా పాప నోట అంకుల్ మాటే రాలేదు. ఇక ఆ మాట పాపదా, మీదా అన్నది ఎవరూ తేల్చలేరు.

మనిషి పేరు, చోటు, చేసిన పని, ఈ మూడూ ముందు పాప నోటి నుంచే రావాలి. వచ్చాక కూడా మీరు కొత్తగా ఏదీ చేర్చకూడదు. "మెట్ల దగ్గర అన్నావు. అక్కడ ఏం జరిగిందో చెప్పు", "ఆ తర్వాత?" ఇంతవరకే. "ఇంట్లోనా, బయటా?" అని రెండు జవాబులు ముందు పెడితే, రెండూ కాకపోయినా పిల్లలు ఒకటి ఏరుకుంటారు. "భయమేసింది కదా?" అంటే తల ఊపుతారు. ఒకసారి చెప్పిన దాన్ని మళ్లీ అడిగితే మాట మారుస్తారు, ఎందుకంటే మన బడుల్లో టీచరు అదే ప్రశ్న రెండోసారి అడిగిందంటే మొదటి జవాబు తప్పని అర్థం.

ఇది అతి జాగ్రత్త అనిపిస్తే కాలిఫోర్నియాలోని మెక్‌మార్టిన్ ప్రీస్కూల్ కేసు గురించి తెలుసుకోండి. టీచర్లు పిల్లలను లైంగికంగా వేధించారన్న ఆరోపణలతో 1983లో మొదలై 1990లో ముగిసింది. వందలమంది పిల్లలను చేతి బొమ్మలు పట్టుకుని, మిగతా పిల్లలు అప్పుడే చెప్పేశారంటూ ప్రశ్నించారు. చివరికి ఒక్కరికీ శిక్ష పడలేదు. నిజంగా ఏదైనా జరిగిందో లేదో తేల్చే అవకాశమే ఆ ప్రశ్నలతో పోయింది. స్టీఫెన్ సెసి, మిషెల్ లైట్‌మన్ 1995లో ప్రచురించిన ప్రయోగం ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. నర్సరీకి సామ్ స్టోన్ అనే అతను వచ్చి కాసేపు ఉండి వెళ్లాడు, దేన్నీ పాడు చేయలేదు. అతను వట్టి అజాగ్రత్త మనిషని ముందే చెప్పి, తర్వాత పది వారాల్లో సూచనలతో కూడిన ప్రశ్నలు పదేపదే అడిగితే, మూడు నాలుగేళ్ల పిల్లల్లో ఎక్కువమంది అతను పుస్తకమో టెడ్డీ బేరో పాడు చేశాడన్నారు. వాళ్లు అబద్ధాలకోరులు కారు. అలా కాకుండా పిల్లలను మామూలుగా చెప్పనిస్తే, తమకు తెలిసింది చక్కగా చెప్పగలరు.

రాసుకోవడం, రిపోర్టు

మీ ప్రశ్న, పాప జవాబు రెండూ రాయాలి. శరీర భాగాలకు పాప ఏ పేరు వాడితే ఆ పేరే రాయండి. దాన్ని సైన్సు భాషలోకి మార్చకండి, యాస దిద్దకండి. పాప ఏడిస్తే ఏ మాట దగ్గర ఏడ్చిందో రాయండి. ఎందుకు ఏడ్చిందో మీరు ఊహించి రాయకండి.

పాప నిజమే చెబుతోందా అని ఇన్‌స్పెక్టరు, లాయరు, ఒక్కోసారి జడ్జిగారు కూడా అడుగుతారు. దానికి జవాబు రిపోర్టులో ఉండకూడదు. మనుషులు అబద్ధాన్ని ఎంతవరకు పసిగట్టగలరన్న అధ్యయనాలన్నీ కలిపి బాండ్, డీపాలో అనే ఇద్దరు పరిశోధకులు 2006లో లెక్కగడితే సగటున 54 శాతం తేలింది, నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది. చూపు తిప్పుకుంది, నవ్వుతూ చెప్పింది అన్నవి దేనికీ రుజువు కావు. యంత్రం పెడదామనేవాళ్లూ ఉంటారు. పెద్దవాళ్లకైనా సరే, వాళ్ల సమ్మతి లేకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ లాంటి నిజం రాబట్టే పరీక్షలు చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ప్రశ్నలు ఎలా అడిగారు, పాప జ్ఞాపకం ఎంత వివరంగా ఉంది, బయటి ప్రభావం పడే అవకాశం ఎక్కడెక్కడ ఉంది, ఇవి రాయండి. నమ్మాలా వద్దా అన్నది జడ్జిగారి పని.

కోర్టు తేదీ వచ్చాక

పాపను ఒకసారి తీసుకెళ్లి గది చూపించండి, ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో చెప్పండి. పోక్సో కోర్టులో లాయర్లు తనను నేరుగా అడగరని, వాళ్ల ప్రశ్నలు జడ్జిగారి ద్వారానే వస్తాయని, నిందితుడు తనకు ఎదురుపడకుండా చూస్తారని వివరించండి. బాత్రూం ఎక్కడుందో కూడా చూపించండి. ఏం చెప్పాలో మాత్రం ఇంట్లో ఒక్కసారి కూడా రిహార్సల్ చేయించనివ్వకండి. "ఇలా చెప్పమని ఎవరైనా నేర్పారా?" అన్న ప్రశ్న వచ్చి తీరుతుంది, దానికి పాప "లేదు" అని ధైర్యంగా అనగలగాలి.