నేలపట్టుకు బయల్దేరే ముందు లెన్స్ సంగతి

నేలపట్టు పక్షుల కేంద్రంలో కడప అనే చెట్ల మీద గూడబాతులు దిగే రోజులు దగ్గరపడ్డాయి. పిట్టల ఫొటోలకు తక్కువ డబ్బుతో లెన్స్ చూస్తున్నవాళ్లకు ఈ మాట చెప్పాలనిపించింది.

క్రాప్ సెన్సర్ కెమెరా, అంటే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్నది, మీ దగ్గర ఉంటే 250 లేదా 300 ఎంఎంతో మొదలుపెట్టండి. కానన్ 55-250 ఎస్‌టీఎం పెడితే, ఆ చిన్న సెన్సర్ వల్ల వచ్చే 1.6 రెట్లతో 400 ఎంఎం చూపు వస్తుంది. నికాన్‌లో 70-300 పేరుతో చాలా రకాలున్నాయి, వీఆర్ (వణుకు తగ్గించే ఏర్పాటు) అని రాసి ఉన్నదే తీసుకోండి. చేతి వణుకును అది ఆపుతుంది గానీ పిట్ట కదలికను ఆపలేదు. ఎగిరేటప్పుడు షట్టర్ వేగం సెకనులో 1/1000 వంతు, లేదా అంతకంటే వేగంగానే ఉంచాలి.

లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టి దూరాన్ని రెట్టింపు దగ్గర చేసే 2ఎక్స్ కన్వర్టర్ జోలికి మాత్రం పోకండి. ఎఫ్5.6 కాస్తా ఎఫ్11 అయి, అంటే లోపలికి వచ్చే వెలుతురు బాగా తగ్గి, ఆటోఫోకస్ తడుముకుంటుంది.

సెకండ్ హ్యాండ్ అయితే వెనక గాజులోంచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే అది ఫంగస్. మన నెల్లూరు తీరం తేమకు తొందరగా పడుతుంది. నేను అలా చూడకుండా కొని, ఒక సీజనంతా మసక ఫొటోలతో చాలా బాధపడ్డాను. ఇప్పుడు నా లెన్స్ గాలి చొరని స్టీలు డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాల మధ్య ఉంటుంది.

ట్రైపాడ్‌కు అప్పుడే ఖర్చు పెట్టొద్దు. పాత జీన్స్ కాలు ముక్క కోసి, కిలో బియ్యం పోసి మూతి కుట్టేయండి. వాచ్ టవర్ గోడ మీద పెట్టి లెన్స్ ఆనిస్తే కదలదు.