ఒక్క టీచరు, ఐదు తరగతులు: బడిరోజు నడపడం ఎలా?

విశాఖ చుట్టుపక్కల చిన్న ప్రాథమిక పాఠశాలల్లో ఒకరో ఇద్దరో టీచర్లే ఒకటి నుంచి ఐదు దాకా చూసుకోవాల్సి వస్తుంది. అలాంటి చోట తరగతికో పీరియడ్ చొప్పున టైంటేబుల్ గీస్తే పదిన్నరకల్లా చెదిరిపోతుంది. ముందు తేల్చుకోవాల్సింది ఇది: ఈ గంటలో టీచరు పక్కన లేకపోతే ఎవరి పని ఆగిపోతుంది? వాళ్ల దగ్గర కూర్చోండి. మిగతావాళ్లకు, తప్పో ఒప్పో తామే చూసుకోగలిగిన పని ఇవ్వండి. ఎక్కాలు పదిసార్లు రాయమనడం పని కాదు, కాలక్షేపం.

ప్రార్థన దగ్గర రోజూ చెప్పే ప్రతిజ్ఞను పైడిమర్రి వెంకటసుబ్బారావు 1962లో విశాఖపట్నంలోనే ఖజానా అధికారిగా ఉండగా రాశారు. పిల్లలకు ఆ సంగతి చెప్పండి. వారానికి ఒక వాక్యం తీసుకుని అర్థం అడగండి. ‘వారసత్వ సంపద’ అంటే ఏంటో ఐదో తరగతివాళ్లకే తెలియని బళ్లున్నాయి.

హాజరు నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు అప్పగించండి. తరగతివారీగా బోర్డు మీద రాసి, కూడి, గుడ్లు ఇచ్చే రోజైతే ఎన్ని కావాలో వాళ్లే చెప్పాలి. ట్రేకు 30. హాజరు 47 అయితే ఒక ట్రే, ఇంకో 17. లెక్క తప్పితే భోజనం దగ్గర ఎలాగూ బయటపడుతుంది కాబట్టి మీరు దిద్దక్కర్లేదు.

మొదటి గంట ఒకటి, రెండు తరగతులది. చదవడం దగ్గర పెద్దవాళ్లు కాసేపు ఆగగలరు, వీళ్లు ఆగలేరు. ఒత్తుల దగ్గరే చాలామంది చతికిలపడతారు. కారణం చిన్నదే: చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి; త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం రూపమే వేరు. అన్నీ ఒక చార్టులో చూపించి చదివించేకన్నా ఈ ఆరింటినీ విడదీసి రోజుకొకటి చెప్పండి. ‘అత్త, కొత్త, మెత్త’ అంటూ ఐదారు మాటలు పలక మీద రాయించి, వాటిలో ఒత్తు ఒక్కటే చెరిపించి మళ్లీ చదివించండి. ‘అత, కొత, మెత’ అని చదివి నవ్వుకున్నప్పుడే ఒత్తు పని ఏంటో తెలుస్తుంది.

రెండో గంట మూడో తరగతి తీసివేతకు. 52లోంచి 27 తీయమంటే సగం మంది 35 అంటారు. అది పరాకు కాదు. ఏడులోంచి రెండు తీస్తే ఐదు, ఐదులోంచి రెండు తీస్తే మూడు: ఎప్పుడూ పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలని వాళ్లే ఒక సూత్రం కట్టుకున్నారు. ‘అప్పు తెచ్చుకో’ అని ఎన్నిసార్లు అన్నా ఆ సూత్రం పోదు, పుల్లలు విప్పితే పోతుంది.

నలుగురికో జట్టు. జట్టుకు పదేసి పుల్లల కట్టలు 9, విడి పుల్లలు 9, మొత్తం 99. ఐదు జట్లకు 500 పుల్లలు ఉంచుకుంటే సరిపోతుంది. కొబ్బరి ఈనెలను జానెడు పొడవున ముక్కలు చేస్తే ఖర్చు లేదు. కట్టలకు రబ్బరుబ్యాండ్లు వాడకండి. మన ఉక్కకు అవి జిగురు పట్టి తెగిపోతాయి. పురికొస ముక్కతో జారుముడి వేయండి. 52 పేర్చమంటే 5 కట్టలు, 2 పుల్లలు వస్తాయి. ఏడు ఇవ్వమని చెయ్యి చాపండి. రెండే ఉన్నాయని వాళ్లే ఒక కట్ట విప్పుతారు. విప్పేదాకా నోరు మెదపకండి, అసలు పాఠం అక్కడుంది. ఇప్పుడు 4 కట్టలు, 12 పుల్లలు. ఏడు, ఆ తర్వాత రెండు కట్టలు తీస్తే మిగిలేవి 25.

తొలిరోజు పుల్లలే, నోటుపుస్తకం వద్దు. రెండో రోజు కట్ట విప్పిన ప్రతిసారీ 5 కొట్టేసి పైన 4, 2 కొట్టేసి పైన 12 రాయించండి. మూడో రోజు పుల్లలు పక్కన పెట్టి రాత. మధ్యరోజు ఎగ్గొడితే పుల్లలతో చేసేవాడు పుస్తకంలో మళ్లీ 35 రాస్తాడు. 302లోంచి 145 లాంటి, మధ్యలో సున్నా ఉన్న లెక్కలు ఆ వారం ముట్టుకోవద్దు.

ఇదంతా జరుగుతుంటే నాలుగు, ఐదు తరగతులకు నీడకర్ర పని: మధ్యాహ్నపు అతి పొట్టి నీడను బట్టి ఉత్తరం ఎటో కనిపెట్టడం. డబ్బా నిండా తడి ఇసుక పోసి, పైకి సరిగ్గా 50 సెంటీమీటర్లు కనపడేలా కర్ర గుచ్చాలి. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే కర్ర వంగిందో లేదో తెలుస్తుంది. డబ్బా చుట్టూ సుద్దతో గీత గీయండి. ఎవరో ఒకరు తన్నుకుంటూ పోతారు. 11.20 నుంచి 12.20 దాకా పది నిమిషాలకోసారి ఇద్దరు వెళ్లి నీడ కొస దగ్గర చుక్క పెట్టి, పొడవు కొలిచి రాసుకు రావాలి. కొస వదిలేసి నీడ పక్కన చుక్క పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు.

మన సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది కాబట్టి ఇక్కడ అతి పొట్టి నీడ పన్నెండుకు అటూ ఇటూగా పడుతుంది: నవంబరు మొదట్లో 11.40కి, ఫిబ్రవరి మధ్యలో 12.10కి. సెప్టెంబరు 22 ప్రాంతంలో ఆ నీడ 16 సెంటీమీటర్లు, డిసెంబరు ఆఖర్లో దాదాపు 44. అది చూపేది ఉత్తరం.

కానీ జూన్‌లో బడి తెరవగానే ఈ పని పెట్టుకుంటే అభాసుపాలవుతారు. మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. మబ్బులు సరేసరి. నవంబరు నుంచి ఫిబ్రవరి అనువైన కాలం.

ఉత్తరం దొరికాక సముద్రం ఏ వైపుందో అడగండి. ‘తూర్పు’ అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. ఇక్కడ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా ఉంటుంది. బీచ్‌రోడ్డు మీద సముద్రానికి ఎదురుగా నిలబడితే చూసేది ఆగ్నేయం వైపు. రాష్ట్రానికి బంగాళాఖాతం తూర్పున ఉందన్న పుస్తకమూ తప్పు కాదు. ఈ రెండూ ఎలా కుదురుతాయో పటం పెట్టి వాదించుకోనివ్వండి, అరగంట ఇట్టే గడుస్తుంది.

భోజనం తర్వాత ఉక్కలో ఉపన్యాసం ఎవరి చెవికీ ఎక్కదు. బొమ్మలు, పాటలు, జట్టుగా చదవడం అప్పటికి ఉంచండి. ఐదో తరగతి పిల్ల రెండో తరగతివాడికి కథ చదివి వినిపిస్తే ఇద్దరికీ లాభమే, కానీ రోజూ ఆ పిల్లచేతే చేయిస్తే తన చదువు వెనకబడుతుంది. వారంవారం మార్చండి.

చివరి పావుగంటలో పుల్లలు లెక్కపెట్టి పదేసి కట్టించండి. తక్కువొస్తే బెంచీల కింద వెతకాల్సింది ఆ జట్టే. వానాకాలమైతే సుద్దముక్కలు మూతడబ్బాలో పెట్టి వెళ్లండి. చెమ్మెక్కితే మర్నాడు బోర్డు మీద గీత పడదు.